ఏడు నిమిషాలు ఆలస్యంగా పంపిన ఉత్తరం

విజయ్ కుమార్ చెడ్డవాడని అమలాపురంలో ఎవరైనా అంటే నేనొప్పుకోను. పక్కింట్లో జ్వరమొస్తే అడగకుండానే స్కూటరు తీసే మనిషి. చర్చి సంఘంలో పెద్ద. ఇరవై రెండేళ్ళుగా ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ ఒక్క పిల్లాణ్ణి కసిరిన పాపాన పోలేదు. మరి లోపమే లేదా అంటే, ఉంది. ఒకే ఒకటుంది. పక్కవాడికి మంచి జరిగితే ఆ పూట అతనికి అన్నం సహించదు.

ఈ జబ్బు ఇప్పటిది కాదు. పదో తరగతిలో పెదనాన్న కొడుకు ప్రేమ్ కుమార్‌కి అతనికన్నా మూడు మార్కులు ఎక్కువొచ్చాయి. ప్రేమ్ కుమార్ ఇవాళ రాజోలులో పోస్టు మాస్టరు, బట్టతల, మోకాళ్ళ నొప్పులు. అయినా పెళ్ళిళ్ళలో ఎదురుపడితే విజయ్ కుమార్‌కి ఆ మూడు మార్కులే నడిచొస్తున్నట్టుంటుంది. అంతెందుకు, భార్య హేమ టీచరమ్మ. ఆమెకి ఉత్తమ ఉపాధ్యాయిని అని శాలువా కప్పిన రోజున ఫోటో తీసింది ఇతనే. ఫోటోలో శాలువా ఉంది, కలెక్టరాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఉన్నాడు, హేమకి మాత్రం నుదురు పైనుంచి తల లేదు. "చెయ్యి వణికింది" అన్నాడు. హేమ ఆ ఫోటోని తీసి బీరువాలో పెట్టేసింది. నమ్మిందనుకున్నాడు.

అంతమందిమీద ఏడ్చినా, బ్లెస్సీ మీద ఏడ్చినట్టు అతను ఎవరిమీదా ఏడవలేదు.

బ్లెస్సీ అతని శిష్యురాలే. తాటిపాక పిల్ల. తండ్రి అక్కడ ఆయిల్ కంపెనీ గేటు దగ్గర కాంట్రాక్టు కాపలాదారు, తల్లి కృపమ్మ అంగన్‌వాడీ ఆయా. చదువైపోయాక కాలేజీలోనే ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది. చేర్పించింది కూడా విజయ్ కుమారే. "పాపం, బుద్ధిమంతురాలండి" అని ప్రిన్సిపాల్ కేశవరావు గారికి తనే సిఫారసు చేశాడు. ఆ "పాపం" అనగలిగినంత కాలం అతనికి బ్లెస్సీ అంటే ప్రాణం.

గొడవ రొయ్యల చెరువు దగ్గర మొదలైంది.

ఉప్పలగుప్తం వైపు తాతబ్బాయి గారని ఒక రైతుకి నాలుగు చెరువులున్నాయి. రొయ్యకి నీళ్ళలో గాలి చాలకపోతే గంటలో చచ్చి తేలిపోతుంది. అందుకని చెరువులో పెద్ద పెద్ద ఫ్యాన్లు నీళ్ళని చిలుకుతూ ఉంటాయి. వాటిని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం విజయ్ కుమార్ రాసిచ్చాడు. నిజానికి అది ఒకటి కాదు, మూడు. మూడూ ఏకకాలంలో నడుస్తూ, ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ ఉంటాయి. ఒకటి ఫ్యాన్లు తిప్పుతుంది. ఒకటి కరెంటు ఉందో లేదో చూస్తుంది. మూడోది, కరెంటు పోయిందన్న కబురు రాగానే నలభై సెకన్లు ఆగి, అప్పుడు జనరేటర్ వేస్తుంది. ఆగడం ఎందుకంటే, మన కరెంటు సంగతి తెలిసిందే కదా, పోయినట్టే పోయి చటుక్కున వస్తుంది. నలభై సెకన్లలోపు వచ్చేస్తే "నువ్వొద్దులే" అని మూడోదానికి కబురు వెళుతుంది.

అంతా బాగానే ఉండేది. నెలకో రెండు నెలలకో ఒకసారి మాత్రం, కరెంటూ ఉండి జనరేటరూ ఉండి, ఫ్యాన్లు నిలబడిపోయేవి. పోయిన వేసవిలో అలాగే ఒక చెరువు సగం తేలిపోయింది.

ఎక్కడ తప్పుతోందో పట్టుకుందామని విజయ్ కుమార్ ప్రోగ్రాంలో అక్కడక్కడా "ఇక్కడిదాకా వచ్చాను" అని రాయించే వాక్యాలు పెట్టాడు. ఆ రాతకి పట్టే క్షణంలో వెయ్యోవంతు వల్ల పని పిసరంత నెమ్మదించేది, దాంతో తప్పు మాయమయ్యేది. వాక్యాలు తీసేస్తే మళ్ళీ హాజరు. ఏడాదిన్నర దాని వెంటపడ్డాడు. ఆదివారాలు పోయాయి, వేసవి సెలవులు పోయాయి. తాతబ్బాయి గారు ఒక్క మాట అనలేదు. "మీ పోగ్రాం బంగారమండి మాస్టారూ. మా చెరువుకే దిష్టి తగిలింది" అనేవారు. తిడితే బాగుండునని విజయ్ కుమార్‌కి అనిపించేది.

ఒక శనివారం బ్లెస్సీ వచ్చి, చేతులు కట్టుకుని, "సార్, నేనోసారి దాన్ని వెనక్కి నడిపి చూడనాండి?" అంది.

ఆ పిల్ల రెండేళ్ళుగా సాయంత్రాలు ల్యాబులో కూర్చుని అదే పని మీద ఉంది. ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు దాని పనిని ఆపకుండా, ఎవరు ఎవరికి ఏ కబురు పంపారో మాత్రం చిన్న గుర్తులు పెట్టుకుంటుంది ఆమె తయారుచేసిన పనిముట్టు. తరవాత తీరిగ్గా ఆ గుర్తుల్ని పట్టుకుని, జరిగినదాన్ని అడుగు అడుగునా వెనక్కి నడిపిస్తుంది. సరదాకి చేసుకుంటోందిలే అనుకుని విజయ్ కుమార్ ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు కూడా, పడితే పడనీ తిప్పలు అనుకునే తీసుకెళ్ళి, చెరువు దగ్గర దాన్ని పెట్టించాడు.

మూడు వారాలకి ఫ్యాన్లు మళ్ళీ ఆగిన మర్నాడు, గట్టు మీద రేకుల షెడ్డులో బల్ల వేసి కూర్చున్నారు ముగ్గురూ. "వెనక్కంటే ఎలాగమ్మా?" అనడిగారు తాతబ్బాయి గారు.

"మా పెళ్ళికొడుకులు కోటు వేసుకుంటారు కదండి బాబాయిగారూ. ముందు చొక్కా, దానిమీద కోటు. చొక్కా విప్పాలంటే ముందు కోటు విప్పాలండి. చెప్పులంటారా, వాటిని ఎప్పుడు విప్పుకున్నా ఫరవాలేదు, కోటుతో వాటికి సంబంధం లేదు కదండి. ఇదీ అంతేనండి. ఒక పనిని వెనక్కి తియ్యాలంటే, దానివల్ల ఏమేం జరిగేయో అవన్నీ ముందు వెనక్కి తియ్యాలి. దాంతో సంబంధం లేనివాటి జోలికి పోనక్కర్లేదండి."

"ఆయ్" అన్నారు తాతబ్బాయి గారు. అర్థమైనట్టే ఉంది ఆయన మొహం.

విజయ్ కుమార్ నవ్వాడు. తను ఎక్కడ ఆగిపోయాడో అక్కడే ఈ పిల్లా ఆగుతుందని అతని ధీమా. "కబురంటే వెనక్కి పంపేస్తావమ్మా. మరి నలభై సెకన్లు గడిచిపోయేయి. గడిచిపోయిన కాలాన్ని ఎక్కడికి పంపుతావు?"

"దానికి మీ పంటేనండి సార్ నాకు దారి చూపించింది" అంది బ్లెస్సీ.

ఇక్కడ పంటు సంగతి చెప్పాలి. సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్ళనీ ఎక్కించుకుని గోదారి దాటించే పంటుని విజయ్ కుమార్ ఇరవై రెండేళ్ళుగా క్లాసులోకి తోలుకొస్తున్నాడు. "పంటువాడు అయిదు నిమిషాలు ఆగుతాడు. ఆలోగా వస్తే ఎక్కించుకుంటాడు. రాకపోతే నీ పెళ్ళయినా సరే, వెళ్ళిపోతాడు. ప్రోగ్రాం కూడా అంతే, కబురు కోసం కొంతసేపు చూసి తన దారిన తను పోతుంది" అని చెప్పేవాడు. పిల్లలు నవ్వేవారు. ప్రతి ఏడూ అదే చోట నవ్వేవారు.

"పంటు కదిలిందంటే, ఎవరో వచ్చి ఏదో చేశారని కాదండి" అంది బ్లెస్సీ. " ఎవరో రాలేదని. ఆ రాకపోవడాన్ని కూడా ఒక పనిగా లెక్కేసి రాసిపెట్టుకోవాలండి. నేను ముందు వచ్చిన కబుర్లే రాసుకునేదాన్ని, అందుకే కుదిరేది కాదు. ఇక కాలం ఒక్కళ్ళ సొత్తు కాదు కదండి. పంటువాడి గడియారం అయిదు నిమిషాలు వెనక్కి తిప్పాలంటే, రేవులో ఉన్న అందరి గడియారాలూ కలిపి తిప్పాలండి. ఒక్కడిది తిప్పితే లెక్క తప్పుతుంది."

అని, లాప్‌టాప్ మీద ఒక్కొక్క అడుగే వెనక్కి వేయసాగింది. ఆగిపోయిన ఫ్యాను దగ్గర మొదలుపెట్టి, అది ఎందుకాగింది, దానికి ముందు ఎవరేం చెప్పారు అని వెతుక్కుంటూ పోయింది. పావుగంట పట్టిందేమో. నలభయ్యో సెకను చివర్లో కరెంటు వచ్చింది. "నువ్వొద్దులే" అన్న కబురు బయల్దేరింది. అది చేరేలోపు నలభై నిండాయి. జనరేటర్ వైపుది "ఇక నేను చూసుకుంటాను" అని ఫ్యాన్లకి చెప్పేసింది. చెప్పాక ఆ పాత కబురు చేరింది. "ఓహో, నేనొద్దన్నమాట" అని అది తప్పుకుంది. కరెంటేమో జనరేటర్ చూసుకుంటుందని ఊరుకుంది, జనరేటరేమో కరెంటు చూసుకుంటుందని ఊరుకుంది. ఫ్యాన్లు ఇద్దరి కోసమూ చూస్తూ నిలబడిపోయాయి.

"నాలుగు వాక్యాలు మారిస్తే చాలండి సార్" అంది బ్లెస్సీ.

ఏడాదిన్నర అతను తల బద్దలు కొట్టుకున్నది, పావుగంటలో. పోనీ, ఏదో పైచదువుల మంత్రం వేసి పట్టుకుందా అంటే అదీ కాదు. తన పంటే. ఇరవై రెండేళ్ళు తన నోట్లో నానిన పంటే. తాళంచెవి మొలకి కట్టుకుని తలుపు ముందు కూర్చున్నవాడు తను, ఆ తాళంచెవితోనే తలుపు తీసింది ఆ పిల్ల. విజయ్ కుమార్‌కి కడుపులో భగ్గుమంది. "శభాష్‌రా అమ్మా" అన్నాడు. ఆ మాట అనడానికి అతను పడ్డ అవస్థ దేవుడికే తెలియాలి.

వచ్చేటప్పుడు తాతబ్బాయి గారు ఇద్దరికీ చెరో చక్కెరకేళి గెల ఇచ్చారు. విజయ్ కుమార్ స్కూటరు మీద పెట్టుకుంటూ చూపుతోనే లెక్కపెట్టాడు. తనదానికి ఏడు అత్తాలు, ఆ పిల్లదానికి ఎనిమిది. ఇంటికెళ్ళాక హేమ పండు వలిచిస్తే పుల్లగా ఉందన్నాడు. చక్కెరకేళి పుల్లగా ఉందన్న మొదటి మనిషి అతనే అయ్యుంటాడు.

నెల తిరక్కుండా కాలేజీలో అందరూ బ్లెస్సీ, బ్లెస్సీ. కేశవరావు గారు మీటింగులో ఆమె పేరెత్తారు. కాకినాడలో జరిగే సెమినారులో ఆ చెరువు కథ చెప్పడానికి ఆమెనే పంపిస్తానన్నారు. ఏకై వచ్చి మేకై కూర్చుంది అనుకున్నాడు విజయ్ కుమార్. స్టాఫ్ రూములో పక్క సీటు భవాని మేడమ్ "ఎంతైనా మీ శిష్యురాలు కదండీ" అంటే, ఆ మాట పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేక ఒక పూటంతా మథనపడ్డాడు.

అలాంటి రోజుల్లో ఆ పిల్ల మళ్ళీ చేతులు కట్టుకుని వచ్చింది. చెన్నైలో ఒక పరిశోధన సంస్థలో రెండేళ్ళు ఈ పని మీదే ఉండడానికి అవకాశం ఉంది. ఏడాదికొకసారే తీసుకుంటారు. ఇద్దరు గురువులు ఉత్తరాలు రాయాలి. ఆ సంస్థ వాళ్ళ వెబ్‌సైటులోనే రాసి, శుక్రవారం సాయంత్రం అయిదులోపు పంపాలి. ఒకటి భవాని మేడమ్ ఇస్తానన్నారు.

"రెండోది మీరేనండి సార్. మీ ఉత్తరం లేకపోతే వాళ్ళు చూడనే చూడరండి. ల్యాబ్ గురువుది తప్పనిసరి అన్నారు."

"ఆయ్, తప్పకుండానమ్మా. అదెంత పని" అన్నాడు.

మన వైపు మనిషి మొహం మీద కాదనలేడు. అడిగినవాడు మళ్ళీ గుర్తు చేయడు, పెద్దవాళ్ళకి గుర్తు చేయడం మర్యాద కాదని. ఈ రెండు మర్యాదల మధ్య కోనసీమలో ఎన్ని పనులు నలిగిపోయాయో.

మంగళవారం విజయ్ కుమార్ కూర్చుని ఉత్తరం రాశాడు. అబద్ధం చెప్పకూడదు, బ్రహ్మాండంగా రాశాడు. రాయడం వచ్చిన మనిషి. ఆ పిల్ల ఓపిక, బుర్ర, పంటు సంగతి, చెరువు సంగతి, అన్నీ రాశాడు. రాసి ఒకసారి చదువుకున్నాడు. ఇంత మంచి ఉత్తరం తనకి ఎవరూ రాయలేదు. జీవితంలో ఒక్కళ్ళూ రాయలేదు. తను రాసిన ఉత్తరాన్ని చూసి తనే కుళ్ళుకున్నాడు. "పంపు" అన్న బటన్ పక్కన "దాచు" అన్న బటన్ ఉంది. అది నొక్కాడు.

బుధవారం రేపు చూద్దామనుకున్నాడు. గురువారం రేపు చూద్దామనుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం క్లాసు అయిపోయాక వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఉత్తరం తెరిచే ఉంది. గోడ గడియారం ఎదురుగానే ఉంది.

నాలుగున్నరకి బ్లెస్సీ వచ్చింది. చేతిలో టీ.

"సార్, టీ తెచ్చేనండి."

"అక్కడ పెట్టమ్మా."

పెట్టింది. వెళ్ళలేదు. ఒకసారి గడియారం వైపు చూసింది. "ఇంకేమైనా కావాలాండి?" అంది.

"ఏం వద్దమ్మా" అన్నాడు విజయ్ కుమార్, కంప్యూటర్ తెరని కొంచెం తనవైపు తిప్పుకుని. ఏ రోజూ టీ తేనిది ఇవాళ కాకా పట్టడానికి వచ్చిందని చిరాకుపడ్డాడు కూడా. ఆ పిల్ల ఇంకాస్సేపు నిలబడి, "ఆయ్, వస్తానండి" అని వెళ్ళింది.

అయిదు కొట్టింది. అతను కదల్లేదు. అయిదూ అయిదు అయింది. అసలు పంపనేలేదంటే బాగుండదు కదా. పంపాను, నెట్టు రాలేదు అంటే ఎవరు కాదంటారు? అయిదూ ఏడుకి "పంపు" నొక్కాడు. గడువు ముగిసింది, తీసుకోబడదు అని వచ్చింది తెర మీద. విజయ్ కుమార్‌కి కడుపు చల్లగా అయింది. చెరువు తరవాత అంత చల్లగా అవడం అదే మొదలు. చల్లారిన టీ తాగి ఇంటికి పోయాడు.

ఒక తప్పు ఒంటరిగా ఉండదు, సంసారం పెడుతుంది. ఆ సాయంత్రమే గేటు దగ్గర భవాని మేడమ్ కనిపించి, "పంపేసేరాండీ?" అనడిగింది. "పాపం, ఆఖరి నిమిషంలో చెప్పిందండి. నెట్టు చూస్తే అలా ఏడిసింది" అన్నాడు. శనివారం కేశవరావు గారు పిలిచి అడిగారు. ఈసారి మాట ఇంకా నున్నగా వచ్చింది. "తెలివైన పిల్లేనండి, నిలకడ తక్కువ. తేదీ కూడా సరిగ్గా చెప్పలేదు." కేశవరావు గారు గడ్డం గోక్కుని, "అలాంటప్పుడు కాకినాడ సెమినారుకి ఆ అమ్మాయిని పంపడం ఏం బాగుంటుందండీ. మీరే వెళ్ళి చెప్పండి. ప్రోగ్రాం మీదే కదా" అన్నారు. విజయ్ కుమార్ వద్దనలేదు.

బ్లెస్సీ ఏమీ అడగలేదు. కనిపిస్తే, "ఫరవాలేదండి సార్. మన దగ్గర నెట్టు అలాగే ఉంటుంది కదండి" అంది. అంతే. గొడవ పెట్టుకున్నా, ఏడ్చినా అతనికి కొంచెం సుఖంగా ఉండేది.

మర్నాడు ఆదివారం చర్చిలో ప్రభు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. ఎవరితోనైనా మనసులో తేడా పెట్టుకుని ఆ బల్లలో చెయ్యి వేయకూడదని వాళ్ళ సంఘంలో పాత కట్టుబాటు. విజయ్ కుమార్ తండ్రి యాకోబు మాస్టారు ఒక గట్టు తగాదా తెగేదాకా మూడు నెలలు ముట్టుకోలేదట, ఇప్పటికీ చెప్పుకుంటారు. రొట్టె, గిన్నె బెంచీల వెంట చేతులు మారుతూ వచ్చాయి. గిన్నె విజయ్ కుమార్ చేతికొచ్చింది. పెదవుల దాకా తీసుకెళ్ళాడు. తెర మీద గడువు ముగిసిందన్న మాట కళ్ళముందు కనబడింది. తాగకుండానే పక్కవాళ్ళకి అందించాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి హేమ చూసింది.

ఇంటికొచ్చాక, పెరట్లో చేపలు తోముతూ అడిగింది. "గిన్నె అలా పక్కకి జారిపోయిందేంటండీ?"

చెప్పేశాడు. చెరువు దగ్గర్నుంచి కాకినాడ దాకా అన్నీ చెప్పేశాడు. హేమ చేతిలో చేప చేతిలోనే ఉంది. తల ఎత్తకుండా విన్నది.

"నా ఫోటోలో తల కూడా ఇలాగే తెగింది కదండీ" అంది.

విజయ్ కుమార్ కుక్కిన పేనులా కూర్చున్నాడు. పదకొండేళ్ళు ఆ మాట ఆమె ఎక్కడ దాచిందో అతనికి తెలీదు.

"రేపు పొద్దున్నే వెళ్ళి ఆ పిల్లకి చెప్పేస్తాను" అన్నాడు.

"ఆ పిల్లకి చెప్పి చేతులు దులుపుకుంటారా? మీకు కాకినాడ వచ్చింది కదా. మేడమ్ గారి దగ్గరా, ప్రిన్సిపాల్ గారి దగ్గరా ఆ పిల్ల పరువు పోయింది కదా. అవి అలా ఉంచి చొక్కా విప్పుతానంటారేంటండీ? కోటు కథ చెప్పి మరీ ఏడిచేరు కదా నా దగ్గర. ముందు కోటు విప్పండి."

సోమవారం విజయ్ కుమార్ కోటు విప్పడం మొదలుపెట్టాడు. చివర తొడిగింది ముందు. కేశవరావు గారి గదిలోకెళ్ళి నిలబడే చెప్పాడు. "కాకినాడకి నేను వెళ్ళనండి. అది బ్లెస్సీ పని. తేదీ నాకు పోయిన సోమవారమే చెప్పిందండి. నేనే పంపలేదు. నిలకడ తక్కువన్నది అబద్ధమండి." కేశవరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కూర్చోండి" అనలేదు. కాగితం మీద ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాశారు. ఆయన ఎదురుగానే చెన్నైకి ఫోను చేశాడు విజయ్ కుమార్. అవతలివాళ్ళు మర్యాదగానే చెప్పారు: దరఖాస్తులు మూసేశాం, గడువు అందరికీ ఒకటే, వచ్చే ఏడు చూసుకోమనండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అని ఫోను పెట్టేటప్పుడు అతనికి బాగా తెలిసింది.

తరవాత భవాని మేడమ్. ఆమె పేపర్లు దిద్దుతోంది. విన్నంతసేపూ ఎర్ర కలం ఆగలేదు. "ఆయ్" అంది చివర్న, ఇంకో పేపరు తీసుకుంటూ. ఎనిమిదేళ్ళుగా పక్క సీటు. ఆ రోజు నుంచి ఆమె డబ్బాలో కూర అతనివైపు రాలేదు.

ఆఖరుకి బ్లెస్సీ. ల్యాబులో ఒక్కతే ఉంది. విజయ్ కుమార్ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మొదటి రెండింటికంటే ఇదే తేలిక అనుకున్నాడు. చిన్నపిల్ల, కరిగిపోతుంది.

"అమ్మా, శుక్రవారం నెట్టు పోలేదు. ఉత్తరం మంగళవారమే రాసేను. నేనే ఆపేను. నిన్ను చూసి ఓర్వలేక ఆపేను."

"తెలుసండి సార్" అంది బ్లెస్సీ.

అతను తల ఎత్తి చూశాడు.

"నా పేజీలో మంగళవారం నుంచీ కనిపిస్తూనే ఉందండి. ఉత్తరం రాశారు, ఇంకా పంపలేదు అని. రోజూ చూసుకునేదాన్ని. సార్ ఇంకో మంచి మాటేదో చేర్చడానికి ఉంచేరేమో అనుకున్నానండి." కొంచెం ఆగింది. "శుక్రవారం నాలుగున్నరకి టీ తెచ్చేను కదండి."

ఆ టీ. ఆ చల్లారిన టీ. గుర్తు చేయడం మర్యాద కాదని గుర్తు చేయకుండా, గడియారం వైపు ఒకసారి చూసి, ఇంకేమైనా కావాలా అని అడిగిన పిల్ల. అతనికి అరగంట ఇచ్చింది. పంటువాడు కూడా అంతసేపు ఆగడు.

విజయ్ కుమార్ తల దించుకున్నాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అప్పుడు కూడా, ఆ చచ్చినదాని అడుగున, ఒక మూల, పాత మంట చిన్నగా రాజుతూనే ఉంది: ఇంత తెలిసీ నాలుగు రోజులుగా మొహం మామూలుగా పెట్టుకుని తిరిగింది. ఇందులోనూ నన్ను మించిపోయింది. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీదే అసహ్యం వేసింది.

"ప్రిన్సిపాల్ గారికి చెప్పేనమ్మా. కాకినాడ నీదే. మేడమ్‌కీ చెప్పేను. చెన్నైవాళ్ళే..."

"ఆయ్. వాళ్ళు వినరండి. అయిదు అందరికీ అయిదే కదండి." కళ్ళు తుడుచుకోలేదు, తెర వైపు తిరిగింది. "అమ్మ వాళ్ళకి వచ్చేసిందనే చెప్పేనండి. తొందరపడి."

పైన ఫ్యాను తిరుగుతోంది.

"వచ్చే ఏడు మళ్ళీ వెయ్యమ్మా" అన్నాడు. "నా ఉత్తరం మొదటి రోజే వెళుతుంది. నీ ఎదురుగానే పంపుతాను."

"వద్దండి సార్" అంది బ్లెస్సీ. గట్టిగా అనలేదు. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, అదే మర్యాదతో అంది. "ల్యాబ్ గురువు ఉత్తరం వేరేవాళ్ళు రాయొచ్చేమో చెన్నైవాళ్ళని అడిగేనండి. ఇందాకే ప్రిన్సిపాల్ గారు తను రాస్తానన్నారు."

విజయ్ కుమార్‌కి నలభై తొమ్మిదేళ్ళు. అమలాపురంలో పుట్టి అమలాపురంలోనే పెరిగాడు. మొహం మీద వద్దన్న మనిషిని అతను అంతవరకూ చూడలేదు.

"ఆయ్" అన్నాడు. లేచి, స్టూలు తీసిన చోటే పెట్టి, బయటికి వచ్చాడు.